మహాదేవమ్మ చెప్పులు

మందలో ఏ గొర్రె కాలు తేడాగా వేసినా పెద్ద ఈరన్నకు చేను ఆ చివర నుంచే తెలిసిపోతుంది. ఆ శుక్రవారం పొద్దున కోసిగి దారి పక్కన, పత్తి కట్టె పీకేసిన చేలో మంద మేస్తుంటే, నల్లమూతి గొర్రె ఒకటి వెనక కాలు ఆనించీ ఆనించకుండా నడవడం చూశాడు. కర్ర చంకలో పెట్టుకుని నింపాదిగా పోయి దాన్ని దొరకబుచ్చుకున్నాడు. పక్కకు పడేసి మోకాలితో అదిమి, గిట్టల సందున బొటనవేలు పెట్టి వత్తాడు. అది ఒళ్లంతా జలదరించి తన్నింది.

"అదో, ఆడుండాది నీ రోగం" అని, మొలతాడుకు కట్టుకున్న చిన్న పట్టకారుతో కంపముల్లు లాగి, ఎండకు ఎత్తి చూసి పారేశాడు. గొర్రె లేచి రెండడుగులు అనుమానంగా వేసి, ఆ తర్వాత సంగతంతా మరిచిపోయి మేతలో పడింది.

ఈరన్నకు అంత తేలిగ్గా మరిచిపోవడం చేతకావడం లేదు. పోయిన ఆదివారం కూతురు ఫోనులో అన్న మాట, మందను తోలుతున్నా నీళ్లు తాపుతున్నా చెవిలోనే ఉంది.

కూతురు సుజన పుణెలో మిలిటరీ నర్సు చదువులో చేరి ఇంకా ఏడాది కాలేదు. పొద్దు పొడవక ముందే పరుగు, కవాతు, ఆ పైన పాఠాలు, ఆ పైన ఆస్పత్రి వార్డు. ఫోను ఆదివారం మధ్యాహ్నం మాత్రమే చేతికిస్తారు. పరుగుకు కాళ్లు వాచినా, హిందీ రాక నోరు మూతపడినా పిల్ల ఏనాడూ బెంబేలు పడలేదు. వార్డుకు పంపాక మొదలైంది. ఒక జవాను కాలి పుండుకు కట్టు మార్చమన్నారట. పాత గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంది. ఈ పిల్ల తీయబోయింది, ఆయన మూలిగాడు, ఈ పిల్ల చెయ్యి ఆగిపోయింది. మళ్లీ తీయబోయింది, మళ్లీ ఆగిపోయింది. ఆ మర్నాడూ అంతే.

"ఆపి ఆపి తీస్తే ఆయనకు ఇంకా జాస్తి నొప్పి అని సిస్టరమ్మ చెప్పింది నాయనా. తిట్టల్యా, మంచిగానే చెప్పింది" అంది సుజన. "నాకే, ఈ పని పట్టుబడదేమో అనిపిస్తాండాది. ఇడిసిపెట్టి పోవాలనుకుంటే ఇప్పుడే చెప్పాలంట. ముందుకు పోయినాక కష్టమంట."

ఈరన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఇష్టం లేకుంటే వచ్చేయ్ తల్లీ. మంద ఉండాది, నేనుండా. నువ్వు ఊ అంటే నేనే రైలెక్కి వస్తా, పిల్చుకోని వస్తా" అన్నాడు. అదే బిడ్డకు తాను చేయగలిగిన సాయం అనుకున్నాడు. పక్కనే కూర్చున్న పెళ్లాం మహాదేవమ్మ మాత్రం నోరు విప్పలేదు.

"వచ్చే ఆదివారం చెప్తా నాయనా" అని పిల్ల ఫోను పెట్టేసింది.

ఆ రోజే ఈరన్న ఆదోని సంతలో కొన్న గీతల సంచిలో ఒక చొక్కా, ఇంకా కట్టని కొత్త తెల్ల పంచె సర్దుకుని గోడకున్న కొయ్యకు తగిలించాడు. ఆదివారం పిల్ల ఊ అనడమే ఆలస్యం, సాయంత్రం ఆదోనిలో రైలెక్కడమే. ఆ సంచి ఎదురుగానే మహాదేవమ్మ రోజూ రొట్టెలు తడుతుంది. సంచి వంక చూస్తుంది, మొగుడి వంక చూస్తుంది, మళ్లీ రొట్టె తడుతుంది. పోవద్దని అనదు, పొమ్మనీ అనదు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ చప్పుడులో ఏముందో తెలియకపోదు. పెనం మీద రొట్టె పడే తీరులోనే ఆమె కోపం ఈరన్నకు వినిపించేది.

వీధిలో సగం ఇళ్లకు తాళాలు. సుగ్గి రోజులు, అంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. ఏటా మహాదేవమ్మ కూడా పోయేది. ఈసారి పోలేదు. మిరప చేలో ఫోను చెవిన పెట్టుకుని కూర్చుంటే మేస్త్రి ఊరుకుంటాడా? ఆదివారం పిల్ల ఫోను చేసినప్పుడు అమ్మ ఇంటి అరుగు మీదే కనపడాలని ఆమె పంతం. దానికి తోడు ఇంకొక పంతం కూడా పట్టింది. పిల్ల ఆదోనిలో రైలెక్కిన పొద్దే, స్టేషన్ బయట చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "పాప మనసు ఆడ కుదురుకునేదాంకా కాళ్లకు చెప్పులు తొడగనని ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకున్యా" అంది. ఇంటికొచ్చి చెప్పులు రెండూ చూరులో దోపింది. అప్పటి నుంచి ఎండకూ రాయికీ కంపకూ వట్టి కాళ్లే. పక్కింటి రామేశ్వరమ్మ అవ్వ వింటూనే, "పరుగెత్తేది కూతురు, కాళ్లు అరగదీసుకునేది తల్లి. బాగుండాది మీ మిలిటరీ" అంది.

శనివారం తెల్లవారి ఈరన్న నిద్ర లేచి బయటికి వచ్చేసరికి మహాదేవమ్మ కల్లాపి చల్లి, ముగ్గు వేసి లోపలికి పోయింది. ఈరన్న దొడ్డివైపు మళ్లబోయి అలవాటుగా నేల చూశాడు. గొర్ల కాపరి కన్ను ముందు నేల మీద పడుతుంది, ఆ తర్వాతే మనుషుల మీద. తడి వాకిట్లో అడుగులున్నాయి. ఎడమ పాదం నిండుగా పడింది. కుడి పాదం వేళ్లు మాత్రమే దిగబడ్డాయి, మడమ ఎక్కడా ఆనలేదు. వాకిలి ఈ మూల నుంచి ఆ మూల దాకా అంతే.

ఏదో కుంటిది వాకిట్లోకి వచ్చిందే అనుకున్నాడు మొదట. అనుకున్న మరుక్షణమే సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. అరవై గొర్లలో ఏది కాలు ఈడుస్తుందో కనిపెట్టే మనిషి, ఇంట్లో పెళ్లాం ఎన్నాళ్లుగా కుంటుతుందో చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. రెండు దినాలుగా బిందె రామేశ్వరమ్మ చేత తెప్పిస్తోంది. తాను ఇంట్లో ఉన్నంతసేపూ పొయ్యి ముందు నుంచి లేవడం లేదు. నీళ్ల చెంబు అందించమంటే, "నీకు కాళ్లు లేవా" అంటోంది. ఇదంతా సంచి మీది కోపమనుకుని ఈరన్న తప్పించుకు తిరుగుతున్నాడు.

లోపలికి పోయి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "కాలు సూపియ్యి" అన్నాడు.

"ఏ కాలు?"

"ఉండేవి రెండే గదా. కుంటేది సూపియ్యి."

మహాదేవమ్మ చీర కుచ్చెళ్లు ఇంకొంచెం కిందికి లాక్కుంది. "పుల్లల కోసరం పోయింటి, ముల్లు ఇరిగింది. పసుపూ సున్నమూ పెట్టి కట్టినా. అదే మానుతాది."

"ఎన్నాళ్లాయె?"

"గమ్మునుండు. రొట్టె మాడిపోతాది."

ఈరన్న చెయ్యి చాచి పాదం పట్టుకోబోతే ఆమె చప్పున వెనక్కి లాక్కుంది. ఆ లాగడానికే నొప్పి పుట్టి కళ్లు గట్టిగా మూసుకుంది. పాదం చుట్టూ పాత చీర పీలిక, పసుపుతో సున్నంతో గట్టిపడి చర్మానికి కరుచుకుపోయి ఉంది. పైన చీలమండ దాకా వాపు.

"లేయ్. ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

"సోమవారం పోదాం. రేపు ఫోనయిపోనీ."

"ఫోనుకూ కాలుకూ ఏం సంబంధమే?"

మహాదేవమ్మ పెనం దించి కింద పెట్టింది. అప్పుడు మొగుడి కళ్లలోకి చూసింది. "ఈ పొద్దు ఆస్పత్రిలో పండబెడితే రేపు పాపకు యాడ నుంచి అగపడాల నేను? అమ్మకు బాగలేదని తెలిసిందంటే అది నిలుస్తాదా? బండెక్కి వచ్చేస్తాది. రావాలనుకుంటే రానీ, దాని మనసుతో రానీ. నా కాలు సాకు పెట్టుకోని మాత్రం రాగూడదు. ముందు ముందు ఎప్పుడన్నా, అమ్మ కోసరం ఇడిసిపెట్టి వస్తి అనుకుంటే, ఆ పాపం ఎవురిది? నువ్వు దానికి ఒక్క మాట చెప్పినా నా మీద ఒట్టే."

ఇన్నాళ్లు మూసిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి చెప్పేసి ఆమె మళ్లీ పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. ఈరన్న రొట్టె మూట కట్టుకుని మంద వెంట పోయాడు.

ఆ దినమంతా చేలో అతనికి ఒక పాడు ఆలోచన వెంటాడింది. అమ్మకు కాలు వాచిందని ఒక్క మాట అంటే చాలు. పిల్ల ఇంటికి వచ్చేస్తుంది. మళ్లీ ఆ అరుగు మీద కూర్చుని జడ వేసుకుంటుంది, సాయంత్రం మంద తిరిగి వచ్చేటప్పుడు దొడ్డికి అడ్డం పెట్టిన కంప తీసి నిలబడుతుంది. పిల్ల పోయినప్పటి నుంచి ఆ కంప తానే తీసుకుంటున్నాడు, ఆ తీసుకునేటప్పుడు రోజూ గుండెలో ఏదో కలుక్కుమంటుంది. పిల్ల రావాలని తనకు ఎంత ఆశగా ఉందో ఆ పూటే అతనికి నిజంగా తెలిసొచ్చింది. పోయిన ఆదివారం తాను 'వచ్చేయ్' అన్నది పిల్ల కోసమా, తన కోసమా అనే అనుమానం కూడా అప్పుడే వచ్చింది. ఒట్టు తప్పకూడదని గట్టిగా అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మందను దొడ్లోకి తోలి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఫోనుకు ఆ అరుగు చివరే సిగ్నల్. మహాదేవమ్మ తల దువ్వుకుని, కుడికాలు చీర కింద మడుచుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. రామేశ్వరమ్మ కూడా వచ్చి కూర్చుంది. కొడుకూ కోడలూ సుగ్గికి పోయిన దగ్గర నుంచి ఆ అవ్వకు ఆదివారం ఫోను తనదే అయిపోయింది.

సుజన తెరలో కనపడింది. జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకుంది. కళ్ల కింద నలుపు. గొర్ల సంగతి అడిగింది, అవ్వను పలకరించింది.

"నాయనా, నేను బాగ ఆలోచన చేసినా" అంది.

మహాదేవమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. పిల్ల మాత్రం ఆ మాట అక్కడే ఆపేసి తల్లి వంక చూస్తోంది.

"అమ్మా, ఎందుకట్ల ఒరిగి కూర్చుండావు?"

"ఊరికే. ఎట్ల కూర్చోవాల మరి?"

"నా ఎర్ర చున్నీ పెట్టెలో ఉండాది, తెచ్చి చూపియ్యి."

"మీ నాయన తెస్తాడులే."

పెట్టె తాళం చెవి మొగుడికి ఒక్కనాడూ ఇచ్చి ఎరగని మనిషి ఆ మాట అంది. అబద్ధం చేతకాని వాళ్లు అబద్ధం ఆడితే ఇట్లాగే ఉంటుంది. సుజన గొంతు మారింది. "నాయన వద్దు. నువ్వే లేసి నడువు. నేను చూడాల."

మహాదేవమ్మ గోడ పట్టుకుని లేచి రెండడుగులు వేసింది.

"కుడికాలు మడమ" అంది సుజన. "ఏమయింది?"

"నేను చెప్పల్యా" అన్నాడు ఈరన్న గభాలున. "మీయమ్మ ఒట్టు పెట్టింది. నేనొక్క మాటన్నా చెప్తినేమో నువ్వే చెప్పు."

పిల్ల ఏడుస్తుందేమోనని ఇద్దరూ తెర వంక భయంగా చూశారు. సుజన ఏడవలేదు. కాలు దగ్గరగా చూపించమంది. జ్వరం వచ్చిందా, వేళ్లు కదిలిస్తే కదులుతాయా, వాపు మీద వేలితో వత్తితే ఎక్కడ నొప్పి అని ఒక్కొక్కటే అడిగింది. తల్లి 'ఏమీ లేదు' అన్నప్పుడల్లా తండ్రిని అడిగింది.

"ఈ పొద్దే ఆస్పత్రికి పోవాల. ఆ సున్నం గుడ్డ ముందు తీయాల, అదే చర్మాన్ని కాలుస్తాండాది. నీళ్లు మరగబెట్టు నాయనా. చల్లార్చి, ఇంత ఉప్పేయి. చేతులు సబ్బుతో మోచేతి దాకా కడుగు. గోర్ల సందున గూడా."

నీళ్లు మరిగి చల్లారేదాకా పిల్ల ఫోను పెట్టలేదు. ఈరన్న చేతులు తడివి కాబట్టి ఫోను రామేశ్వరమ్మ పట్టుకుంది. ఆ అవ్వ పట్టుకున్న తీరుకు సుజనకు కాసేపు చూరు కనపడింది, కాసేపు అవ్వ ముక్కుపుడక కనపడింది. "అవ్వా, కిందికి, కిందికి" అని పిల్ల అంటుంటే, "మీ మిలిటరీలో నన్ను గూడా చేర్చుకోమను, కవాతు బాగ నేర్పిస్తాండావు" అంది అవ్వ. మహాదేవమ్మకు కూడా నవ్వొచ్చింది.

ఈరన్న గుడ్డ మీద కొంచెం కొంచెం నీళ్లు పోశాడు. సుజన ఇంకా పొయ్యమంది, ఇంకా నాననిమ్మంది. అంచు మెత్తబడ్డాక ఒక వైపు నుంచి వెనక్కి మడుస్తూ తీయమంది. సగం దాకా తేలిగ్గానే వచ్చింది. మడమ దగ్గర గుడ్డ పట్టేసింది. ఈరన్న లాగాడు.

"అబ్బా" అంది మహాదేవమ్మ.

ఈరన్న చెయ్యి ఆగిపోయింది. వందల గొర్ల కాళ్లు పట్టుకున్న చెయ్యి అది. అవి తన్నినా అరిచినా ఏనాడూ ఆగలేదు. "నా వల్ల కాదు తల్లీ" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక, పిల్ల పోయిన వారం చెప్పిందేమిటో అతనికి ఇప్పుడు అర్థమైంది.

తెరలో సుజన ముఖం దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఆపొద్దు" అంది సుజన. గొంతు పెద్దగా లేదు, గట్టిగా ఉంది. "నువ్వు ఆపితే అమ్మకు ఇంకా జాస్తి నొప్పి. ఒకే తీరుగా తీయి, నిదానంగా. అమ్మ మూలుగుతాది, మూలగనీ. అమ్మా, నా దిక్కు చూడు. ఊపిరి తీసుకో. నాయనా, నేనుండా. ఆపొద్దు."

ఈరన్న ఆపలేదు. మహాదేవమ్మ రామేశ్వరమ్మ భుజం పట్టుకుని మూలిగింది. సుజన 'అంతే, అంతే, అయిపోయింది' అంటూనే ఉంది. గుడ్డ ఊడి వచ్చింది. మడమ ఎర్రగా ఉబ్బి, నడుమ నల్లటి చుక్క కనపడింది. చుక్క చూడగానే ఈరన్న చెయ్యి తనంతట తానే మొలతాడు దగ్గరికి పోయింది.

"నాయనా, పట్టకారు ముట్టొద్దు" అంది సుజన వెంటనే. "అది గొర్లకు. ముల్లు ఎంత లోతుండాదో మనకు తెల్దు. ఆస్పత్రిలో తీస్తారు, టీటీ సూది గూడా వేయించు. ఇప్పుడు ఉతికిన తెల్లగుడ్డ ఏదన్నా చుట్టు."

ఇంట్లో తెల్లగుడ్డ ఎక్కడుంది? ఉన్నవన్నీ ఎర్రమట్టి రంగు తేలినవే. ఈరన్న చుట్టూ చూశాడు. తలుపులోంచి లోపలి గోడకు వేలాడుతున్న సంచి కనపడింది. అందులో ఉన్న పంచె కొత్తదని ముందే ఉతికి, ఎండేసి, మడత పెట్టింది మహాదేవమ్మే. ఈరన్న లేచి, మళ్లీ చేతులు కడుక్కుని వచ్చి, సంచిలోంచి పంచె తీసి అంచు పళ్ల మధ్య పెట్టాడు.

"అయ్యో, అది నువ్వు ఊరికి పోయే దానికి గదా" అంది మహాదేవమ్మ.

అతను పరక్కున చించాడు. కట్టు ఎట్లా చుట్టాలో సుజన చెప్పింది. మడమ కిందుగా తెచ్చి, పాదం మీదుగా తిప్పి, మరీ బిగించొద్దంది. ఆ లోపల ఎవరో వెనక నుంచి పిలిచారు. ఫోను ఇచ్చేసే వేళయింది.

"పోయి రాండి బిర్నా, ఆలస్యం చేయొద్దు. వచ్చే ఆదివారం కాలు నాకు చూపియ్యాల" అని పిల్ల పెట్టేసింది.

దొడ్డి రామేశ్వరమ్మకు అప్పగించి, ఈరన్న పెళ్లాన్ని మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని కోసిగి ఆస్పత్రికి పోయాడు. డ్యూటీలో ఉన్న నర్సు పేరు ఏసుమణి. కట్టు విప్పి చూసి, డాక్టరుకు చెప్పి వచ్చింది. మొద్దుబారే సూది వేసి ముల్లు తీశారు. చిటికెన వేలి గోరంత ముక్క. దాన్ని తీసేంతసేపూ మహాదేవమ్మ ఒక చేత్తో బల్లనూ ఇంకో చేత్తో మొగుడి చొక్కానూ పట్టుకుని ఉంది.

"గుడ్డ ఎవురు తీసినారు? గబుక్కున పీకింటే చర్మమంతా లేచొచ్చేది. బాగ నానబెట్టి తీసినారు" అంది ఏసుమణి, కొత్త కట్టు కడుతూ.

"నేనే తీసినా. తీయించింది మా పాప" అన్నాడు ఈరన్న. "పుణెలో ఉండాది. మిలిటరీ ఆస్పత్రిలో."

"డాక్టరమ్మా?"

"కాదమ్మా. నీ మాదిరే."

ఏసుమణి నవ్వి, మందుల చీటీ చేతిలో పెట్టింది. కట్టు తడపొద్దనీ, వట్టి కాలు నేల మీద పెట్టనే వద్దనీ చెప్పింది. ఈరన్న ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బయటికి వచ్చాక ఆ దండం ఏసుమణి ఒక్కదానికే కాదని అతనికే తోచింది. 'ఆపి తీస్తే ఇంకా నొప్పి' అని తన బిడ్డకు ఓపికగా చెప్పిన ఆ ముఖమెరుగని సిస్టరమ్మకు కూడా. మూలుగుతూనే కాలు ఆ పిల్ల చేతికిచ్చిన ఆ జవానుకు కూడా. ఎక్కడి వాడో, వాడికీ ఒక తల్లి ఉంటుంది కదా.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. మహాదేవమ్మను అరుగు మీద దించి, ఈరన్న నీళ్లు తాగి, సగం ఖాళీ అయిన సంచి వంక చూశాడు. ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

"పాప ఆ మాట చెప్పనే లేదే" అన్నాడు. "బాగ ఆలోచన చేసినా అన్యాది. వస్తానన్యాదా, రానన్యాదా? అడిగే దానికి మళ్లా ఆదివారం దాంకా కాసుకోవాల."

మహాదేవమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె ముఖం ఇన్నాళ్లకు తేటపడింది.

"చూరులో నా చెప్పులుండాయి, తీసియ్యి" అంది.

"మొక్కో?"

"పాప మనసు కుదురుకునేదాంకా అని గదా మొక్కుకునింది."

"కుదిరిందని నీకెవురు చెప్పినారే?"

"నీకు గొర్ల కాళ్లు చూసేది తప్ప ఏమీ రాదు" అంది మహాదేవమ్మ. "వచ్చే ఆదివారం కాలు చూపియ్యాల అన్యాది. ఇంటికే వచ్చేదయితే ఫోన్లో ఏమిటికి చూపియ్యాల?"

ఆ మాట ఈరన్న తానూ విన్నాడు, ఆ అర్థం మాత్రం వినలేదు. ఇకమీదట దొడ్డి కంప తానే తీసుకోవాలని గుండె ఒకసారి కలుక్కుమంది. దాని వెనకే, 'నేనుండా, ఆపొద్దు' అన్న గొంతు గుర్తుకొచ్చింది. పోయిన వారం తాను పిల్లతో 'నేనుండా' అన్నాడు, ఇవాళ పిల్ల అదే మాట తనతో అంది. కళ్లు నిండితే తుడుచుకోలేదు. "ఉరుకుంద సామీ, నువ్వు సల్లగుండు" అన్నాడు పైకే.

చూరులో చెయ్యి పెట్టి చెప్పులు తీశాడు. నెలల దుమ్ము పట్టి ఉన్నాయి. మిగిలిన పంచె ముక్కతో రెండూ శుభ్రంగా తుడిచి, అరుగు ముందు వంగి ఎడమ కాలికి తొడిగాడు. కుడిది కట్టు మీద ఎక్కలేదు.

"అది ఆదివారానికి" అని మహాదేవమ్మ ఆ చెప్పును తన పక్కన పెట్టుకుంది.